పొగ మిషన్‌ను నేను చంపిన ముచ్చట

కూసోండ్రి, చాయ్ చెప్పిన. నవ్వొద్దని చెప్పను, చెప్పినా మీరు ఆగరు. కానీ కడదాక వినుండ్రి. మొన్న సోమవారం పొద్దుగాల మా దవాఖానల ఒక మిషన్ చచ్చిపోయిందని నా చేత్తోటి నేను రాసి, కింద సంతకం పెట్టిచ్చిన. అసలు ఆ మిషన్ చావనే లేదు. దానికి జరం గూడ రాలె. దాని ఊపిరి ఆపింది నేనే, సర్టిఫికెట్ రాసిచ్చింది గూడ నేనే!

మొదటికెళ్లి చెప్త. పదమూడేండ్లు నేను బొగ్గుబాయిల కాంట్రాక్టు కింద ఎలక్ట్రిషియన్‌గ చేసిన సంగతి మీకు ఎరుకే. మోకాలు మొరాయించినంక పైకొచ్చి, గోదావరిఖనిల ఒక ప్రైవేటు దవాఖానల చేరిన. లైట్లు, ఏసీలు, జనరేటర్, లిఫ్టు అన్నీ నా మీదనే. పోయినేడాది నుంచి ఆపరేషన్ థియేటర్ల మిషన్లు గూడ నా మీదనే పడ్డయ్. మిషన్ అమ్మినోళ్ల ఇంజినీరు హైదరాబాద్ నుంచి వచ్చి రెండు రోజులు నేర్పిపోయిండు. రెండు రోజులకే నాకు కొమ్ములొచ్చినయ్. ఎవరన్న "సదానందం ఏం పని చేస్తడు?" అంటె స్వరూప "కరెంటు పని" అని చెప్తది, నేను పక్కనుంచి "మెడికల్ ఎక్విప్‌మెంట్" అని అందుకుంట. స్వరూప అంటె నా భార్యే, మీకు తెలుసు. ఈ కథల ఆమె పాత్ర గూడ ఉంది.

ఆ మిషన్ ఏందంటె, పొగ గుంజే మిషన్. ఆపరేషన్ల కోసేటప్పుడు రక్తం కారకుండ డాక్టర్లు కరెంటు కత్తి వాడుతరు. అది మాంసాన్ని కాల్చుకుంట కోస్తది. కాలితె పొగ రాదా మరి? ఆ పొగంత టేబుల్ చుట్టు నిలబడ్డోళ్ల ముక్కులకే పోతది. అది మంచి పొగ కాదు, ఊపిరితోటి పెయ్యిలకు పోయి రోగం పెట్టేది. ఈ మిషన్ గొట్టంతోటి ఆ పొగను గుంజి, లోపలి ఫిల్టర్ల జల్లెడ పట్టి, మంచి గాలిని బయటికి ఇడుస్తది. మన బాయి మీద పెద్ద ఫ్యాను ఏం పని చేస్తదో, గది ఈ చిన్న డబ్బా చేస్తది.

ఇగ విమలక్క గురించి చెప్పాలె. ఆమె మా థియేటర్ సిస్టర్. యాభై దాటినయ్. మనిషి చూస్తె గింతే ఉంటది, ఊదితె ఎగిరిపోతదా అనిపిస్తది. కానీ థియేటర్ల ఆమె నిలబడ్డదంటె డాక్టర్లు గూడ గొంతు తగ్గించి మాట్లాడుతరు. డాక్టరు చెయ్యి చాపక ముందే చేతుల కత్తెర ఉంటది. కుట్లు ఏసే ముందు ఆమె లెక్క మొదలుపెడ్తది. రక్తం అద్దే గుడ్డలను మాపులు అంటరు. "మాపులు ఇరవై. కత్తెరలు ఆరు. సూదులు నాలుగు." ఒక్కటి తక్కువొచ్చినా ఎవ్వరు కదలొద్దు.

ఒకసారి నేను లోపల లైటు సరిచేస్తుంటె, ఒక మాపు లెక్కకు రాలె. డాక్టరు, "కింద ఎక్కడో పడి ఉంటది సిస్టర్, కుట్లు ఏసేద్దాం" అన్నడు. అక్క కదల్లె. "లెక్క తప్పితె ఊకె అటిటు దేవులాడొద్దు సార్. మొదటికెళ్లి చెప్పుకుంట రావాలె" అన్నది. అని, మొదటి కోత కాడ్నుంచి ఏ మాపు ఎప్పుడు ఇచ్చింది, ఎటు పెట్టింది, ఒక్కొక్కటి చెప్పుకుంట వచ్చింది. తొమ్మిదో మాపు కాడ ఆగి, "సార్, కుడి కాలు ఎత్తుండ్రి" అన్నది. అది ఆయన చెప్పు కింద ఉండె! నేను ఆనాడే మనసుల దండం పెట్టుకున్న. గసొంటి మనిషిని నేను బాయిల గూడ చూడలె.

అయితె అక్కకు దగ్గు. ఇరవై ఆరేండ్లు ఆ పొగల నిలబడ్డ దగ్గు. మోచేతి మడతల దాసుకొని దగ్గుతది, పేషెంటు బుగులు పడొద్దని. ఛాతి డాక్టరు చూసి, ఇగ పొగల నిలబడితె కష్టమని చెప్పిండు. అక్క లొల్లి చెయ్యలె, దరఖాస్తు పెట్టలె. పెద్ద సార్ కాడికి పోయింది. పెద్ద సార్ అంటె మా దవాఖాన ఓనరు, సర్జన్ గూడ ఆయనే. పోయి ఒక్క మాట అన్నది.

"సార్, మా నాయిన ముప్పై ఏండ్లు బాయిల చేసిండు. భూమి కింద గంత లోతుల గూడ ఆయనకు మంచి గాలి పంపనీకి పైన పెద్ద ఫ్యాను తిరుగుతుండె. మీ ఏసీ రూముల నాకు ఒక్క చిన్న ఫ్యాను పెట్టరా?"

పెద్ద సార్ ఆనాడే ఆర్డరు పెట్టిండట. రెండు నెలలకు మిషన్ దిగింది.

దాంతోటి ఆయన ఒక షరతు గూడ పెట్టిండు, ఆమె మంచికే. "మిషన్ నడవని రోజు మీరు థియేటర్ల ఉండొద్దు సిస్టర్. రిపేరుకు పోతె, అది వచ్చేదాక వార్డుల చెయ్యండి" అన్నడు. రిపేరంటె హైదరాబాద్ పోవాలె. పోయింది ఎప్పుడొస్తదో ఎవ్వరు చెప్పలేరు. అంతల థియేటర్ల కొత్త మనిషి కుదురుకుంటది, అక్క వార్డులనే ఉండిపోతది. వార్డు పని తక్కువదని కాదు. కానీ థియేటర్ లేకుంటె అక్క అక్క కాదు, గది మా అందరికి ఎరుకే. అందుకే ఆ మిషన్‌ను నేను కంటికి రెప్పలెక్క చూసుకుంట వచ్చిన. నిజంగ! నవ్వకుండ్రి ఇంక, నవ్వే జాగ ముందున్నది.

శనివారం సర్వీసింగు. ఫిల్టరు ఎన్ని గంటలు నడిచిందో మిషనే చూపిస్తది, నిండితె మార్చాలె. ముందటి చిన్న ఫిల్టరు తీసిన. నల్లగ ఉంది. అలవాటు చేతిని ఇడుస్తదా? బాయిల మనం ఎట్ల చేస్తుంటిమి? జాలీకి దుమ్ము పడితె గోడకు నాలుగు దెబ్బలు కొట్టి, ఉఫ్ అని ఊది, మల్ల అదే పెడ్తుంటిమి. నేను గట్లనే చెయ్యి ఎత్తిన.

"తమ్మీ!"

గట్టిగ గూడ కాదు, మామూలుగనే అన్నది అక్క. నా చెయ్యి ఆడికాడనే ఆగిపోయింది.

"అది బొగ్గు దుమ్ము కాదు. రోగాల పొగ. దులపొద్దు, కడగొద్దు, ఊదొద్దు. గ్లోవ్స్ ఏసుకొని మూట కట్టి, రోగాల చెత్తకు పెట్టిన పసుపు సంచిల ఏసెయ్."

గప్‌చుప్‌గ ఏసేసిన. కొత్త ఫిల్టరు ఎక్కించిన. గొట్టం పొడుగూత తడిమి చూసిన, ఎక్కడ పగులు లేదు. కాలితోటి తొక్కే పెడలు తుడిచిన. ఇగ లోపలి మోటరు చూద్దామని మూత ఇప్పిన. ఇప్పేముందు ఏం చెయ్యాలె? వైరు పీకాలె. పీకిన. అక్కడికి ఆగితె నేను ఈ ముచ్చట చెప్పే పనే లేకుండె.

బాయిల ఎలక్ట్రిషియన్ మొదటి దినం నేర్చుకునేది ఒక్కటే పాఠం. కరెంటు బంద్ చేస్తె సరిపోదు, ఫ్యూజు పీకి నీ జేబుల పెట్టుకోవాలె. నువ్వు మోటర్ల చేతులు పెట్టి ఉన్నప్పుడు ఎవడో సోయిలేనోడు వచ్చి స్విచ్ ఏస్తె నీ గతేంది? ఫ్యూజు నీ జేబుల ఉంటె నీ ప్రాణం నీ జేబుల ఉన్నట్టు. మా ఫోర్‌మన్ అయితె రోజు చెప్తుండె: "పెండ్లాం అడిగినా ఇయ్యొద్దుర!"

ఆ మిషన్ ఎన్క, వైరు గుచ్చే కాడ ఒక చిన్న సొరుగుంటది. దాంట్ల రెండు గాజు ఫ్యూజులు, యాలక్కాయంత. వైరే పీకినంక ఫ్యూజు పీకుడు ఎందుకని అడగకుండ్రి. పదమూడేండ్ల అలవాటు! రెండూ పీకిన. మీటరు పెట్టి చూసిన, ఫస్టుక్లాస్ ఉన్నయ్. ఆపరేషన్లు అయిపోయినయ్ గద, ఓటీ డ్రస్సు లేకుండ ఇంటి అంగి మీదనే ఉన్న; ఆ అంగి జేబుల ఏసుకున్న. దుమ్ము పోవద్దని ఖాళీ సొరుగును మల్ల మంచిగ మూసేసిన. గా తెలివి చూడుండ్రి నాది.

మోటరు తుడిచి మూత బిగిస్తున్న, గంతల మందు కొట్టేటోళ్లు వచ్చిండ్రు. శనివారం సాయంత్రం థియేటర్ మొత్తం కడిగి, క్రిములు చావనీకి మందు కొట్టి, తలుపులు మూసేస్తరు. సోమవారం దాక ఎవ్వరు లోపలికి పోవద్దు. "సదన్నా, టైమైంది, బయటికి నడువు" అన్నరు. గబగబ ఆఖరి మర బిగిచ్చి, పచ్చ స్టిక్కర్ అతికిచ్చి, రిజిస్టర్ల రాసిన: "సర్వీసింగ్ అయింది. రన్నింగ్ ఓకే." రన్నింగ్! ఒక్క సెకను గూడ నడిపి చూడలె. సర్వీసింగ్ చేసినంక కనీసం ఒక్కపారి నడిపి చూడాలని ఆ ఇంజినీరు రెండు రోజులల్ల ఇరవైసార్లు చెప్పిండు. రాసిన చెయ్యి గిదే, కావాలంటె కొట్టుండ్రి.

ఆదివారం పండుకున్న. స్వరూప బట్టలు పిండింది. నా ఆదివారం అయిపోయింది.

సోమవారం పది గంటలకు మల్లయ్య కాకకు హెర్నియా ఆపరేషన్. కాక బాయిల రిటైరైన మనిషి. రాత్రి నుంచి ఏం తినకుండ, పచ్చ గౌను ఏసుకొని, థియేటర్ బయట స్ట్రెచర్ మీద పండుకొని ఉన్నడు. "ఓ సదానందం, కోసుడు ఎప్పుడన్న కోయనీ, ఒక గుక్క చాయ్ అన్న తాగనియ్యరా?" అని నన్ను చూసి అడిగిండు. కాదని చెప్తె, "బాయిల ఫస్టు షిఫ్టే నయముండె" అని గొణుక్కున్నడు.

తొమ్మిదికి అక్క మిషన్ స్విచ్ నొక్కింది. లైటు రాలె, సప్పుడు లేదు. నన్ను పిలిచింది. నేను ఓటీ డ్రస్సు మార్చుకొని, కొమ్ములు సర్దుకుంట లోపలికి పోయిన. నొక్కిన. రాలె. ప్లగ్గు మార్చిన, వైరు మార్చిన. రాలె. పక్క రూముకు పట్కపోయి మూత ఇప్పిన. బోర్డుకు మీటరు పెడితె కరెంటే వస్తలేదు. హైదరాబాద్ ఇంజినీరుకు ఫోన్ కలిపిన.

"సదానందం గారూ, ముందు ఫ్యూజులు చూశారా?" అన్నడు ఆయన.

నాకు కోపమొచ్చింది. పదమూడేండ్ల సర్వీసు నాది! నన్ను ఫ్యూజు చూసినవా అని అడుగుతడా?

"శనివారం నా చేత్తోటి పీకి, మీటరు పెట్టి చూసిన సార్. రెండూ ఫస్టుక్లాస్!"

అబద్ధమా? ముమ్మాటికి నిజం. ఫస్టుక్లాస్‌గనే ఉండె.

గంతల ఫోన్ల ఇంకో కాల్. స్వరూప. కట్ చేసిన. డ్యూటీల ఉన్నప్పుడు ఇంటి ఫోన్ ఎత్తనని నాకు పెద్ద పేరు గద.

"మరొక్కసారి ఫ్యూజులు చూడండి సార్, ఎందుకైనా మంచిది" అన్నడు ఇంజినీరు.

"సార్, మీరు ఫ్యూజు ఇడిసిపెట్టుండ్రి. ఫ్యూజు నా గ్యారంటీ."

మల్ల స్వరూప. మల్ల కట్ చేసిన. ఆయన పాపం ఇంకేం చెప్తడు? ఫ్యూజులు బాగుండి కరెంటు రాకపోతె పవర్ బోర్డు పోయినట్టే, మిషన్ పంపుండ్రి అన్నడు. స్వరూప మూడోసారి. ఈసారి ఫోన్ సైలెంట్ల పెట్టిన.

కాగితం తీసి రాసిన: "పవర్ బోర్డు ఫెయిల్. రిపేరుకు పంపవలెను." సంతకం పెట్టిన. రెండుసార్లు మడిచి, మల్ల ఇప్పి, అప్పుడు పెద్ద సార్‌కు ఇచ్చిన. ఎందుకంటె ఆ కాగితం మిషన్‌ది కాదు, అక్కది.

పెద్ద సార్ చదివిండు. అక్క దిక్కు తిరిగి, "సారీ సిస్టర్. ఇవాళ్టి నుంచి మీరు వార్డుకు వెళ్ళండి. ఈ కేసు నేను వేరేవాళ్లతో చూసుకుంట" అన్నడు.

బయట స్ట్రెచర్ మీది నుంచి మల్లయ్య కాక గొంతు: "ఏందట? ఫ్యాను బందైందా? గంతే బిడ్డా, బాయిల గూడ ఫ్యాను బందైతె మనుషులను పైకి పంపుతరు. సార్ చేసింది కరెక్టే." మల్ల, "కానీ విమలమ్మ పైకి పోతె నన్ను గూడ పైకి పంపుండ్రి. ఆమె లెక్క పెట్టకుంటె నా కడుపుల ఏం మర్చిపోతరో ఏమో!" అన్నడు.

ఎవ్వరు నవ్వలె. అక్క తలకున్న టోపీ తీసింది, మడిచింది. ఆ మడిచిన తీరు చూసి నాకు దుఃఖమొచ్చింది. నిజం చెప్తున్న, కండ్లల్ల నీళ్లొచ్చినయ్. నన్ను ఒక్క మాట అంటె నాకు కొంచెం సుఖముండె. అనలె. నా కాడికొచ్చి, ఇప్పి పెట్టిన మిషన్ చూసి, స్టూలు గుంజుకొని కూసున్నది.

"తమ్మీ, ఊకె దేవులాడకు. శనివారం ఏం చేసినవో మొదటికెళ్లి చెప్పుకుంట రా."

నాకు ఆ మాపు ముచ్చట యాదికొచ్చింది. బడి పిల్లగాని లెక్క నిలబడి మొదలుపెట్టిన.

"చిన్న ఫిల్టరు తీసిన అక్కా."

"ఎటు పెట్టినవ్?"

"పసుపు సంచిల."

"తర్వాత?"

"కొత్తది ఎక్కించిన. గొట్టం చూసిన. పెడలు తుడిచిన. వైరు పీకిన."

"వైరు?"

"మందు కొట్టేటోళ్లు వచ్చినప్పుడు మల్ల పెట్టిన. అంతకుముందు ఎన్క సొరుగు తీసి ఫ్యూజులు పీకిన, మీటరు పెట్టి చూసిన, ఫస్టుక్లాస్ ఉన్నయ్…"

"ఎటు పెట్టినవ్?"

"జేబుల…"

గంతే. చెయ్యి దానంతట అదే గుండె మీదికి పోయింది. ఓటీ డ్రస్సుకు జేబే లేదు. ఇగ జేబున్న అంగి ఏది? ఇంట్ల తీగ మీద ఆరుతున్నది! నేను నవ్వుతున్ననా ఏడుస్తున్ననా నాకే తెల్వలె.

అక్క తల వంచుకున్నది. తిడుతది అనుకున్న. చూస్తె భుజాలు కదులుతున్నయ్. నవ్వుతున్నది! దగ్గు రాకుండ మోచెయ్యి అడ్డం పెట్టుకొని మరీ నవ్వుతున్నది.

"మా నాయిన గూడ గిట్లనే" అన్నది. "బాయిల ఎలక్ట్రిషియనే. ఒకసారి ఫ్యూజు జేబుల ఏసుకొని ఇంటికొచ్చిండు. తెల్లారి నేను సైకిల్ తొక్కుకుంట బాయి గేటు కాడికి పట్కపోయి ఇచ్చిన. జల్ది ఇంటికి ఫోన్ చెయ్."

ఫోన్ తీసిన. స్వరూపవి ఏడు కాల్స్ ఉన్నయ్. చేసిన.

"ఏంది, ఇప్పుడు తీరిందా సార్‌కు?" అన్నది అటునుంచి.

"లొల్లి తర్వాత పెట్టు. నా అంగి జేబుల…"

"గాజు ఫ్యూజులే గద? గందుకే ఫోన్ చేస్తున్న పొద్దటి నుంచి! నిన్న అంగి నానబెట్టేముందు జేబుల చూస్తె కనవడ్డయ్. పొద్దుగాల కాగితంల చుట్టి నీ టిఫిన్ బ్యాగుల చెంచా పక్కన పెట్టిన. అన్నం తినేటప్పుడు చూసుకోక కొరుకుతవేమోనని ఫోన్ చేస్తున్న!"

సంకల పిల్లనువెట్టుకొని ఊరంత దేవులాడినట్టు! టిఫిన్ బ్యాగు ఎక్కడున్నది? బట్టలు మార్చుకునే రూముల, కొక్కేనికి. నేను మూత ఇప్పిన కాడికి పదడుగులు. ఫోన్ల హైదరాబాద్ దాక పోయిన నేను పదడుగులు పోలె.

ఉరికిన. మోకాలి నొప్పి గూడ యాదికి లేదు. చెంచా పక్కన, క్యాలెండర్ కాగితంల పొట్లం, రబ్బరు గూడ ఏసి ఉన్నది. గంత మంచిగ కట్టింది. సొరుగుల రెండూ పెట్టిన, మూత బిగిచ్చిన, వైరు గుచ్చిన, పెడలు తొక్కిన.

ఊ…మ్.

ఎంత తియ్యటి సప్పుడో! అక్క ఒక మాపు ముక్క తీసి గొట్టం మూతి కాడ పట్టింది. లబుక్కున అతుక్కున్నది. అక్క మడిచిన టోపీ ఇప్పి మల్ల పెట్టుకున్నది.

సప్పుడు విని పెద్ద సార్ వచ్చిండు. కాగితం ఇంకా ఆయన చేతుల్నే ఉన్నది.

"ఏమైంది? బోర్డు పోయిందన్నావు కదా?"

నేను నోరు తెరిచేలోపల అక్కనే అందుకున్నది.

"లోపల చిన్న పార్టు ఒకటి లేకుండె సార్. సదానందం తెప్పిచ్చిండు."

"ఇంత జల్దీనా! ఎక్కడ దొరికింది?"

"లోకల్‌గనే దొరికింది సార్."

పెద్ద సార్ నా భుజం మీద చెయ్యేసిండు. "వెరీ గుడ్ సదానందం. హైదరాబాద్ వాళ్లే చేతులెత్తేస్తే నువ్వు చేశావ్. ఆ పార్టు ఇంకో రెండు స్టాక్ పెట్టు" అన్నడు. భూమి పగిలితె బాగుండు అనుకున్న. మన కాడ కింద బాయిలే గద, పగిలితె సక్కగ పాత డ్యూటీకి పోదును.

పదింబావుకు కాకను లోపలికి తీస్కపోయినం. అద్దంలకెళ్లి చూసిన. కరెంటు కత్తి తాకంగనే సన్నటి పొగ లేస్తున్నది, లేచినట్టే గొట్టంలకు పోతున్నది. అక్క ఒక్కసారి గూడ దగ్గలె. ఇరవై ఆరేండ్లు దగ్గుకుంటనే గంతమంది ప్రాణాలు లెక్కవెట్టి కాపాడిన మనిషి, నా రెండు యాలక్కాయలంత ఫ్యూజులకు వార్డు పాలయ్యేది. నా తప్పును నలుగురిల పెట్టకుండ, అబద్ధం గూడ ఆడకుండ, ఎట్ల దాటిచ్చిందో చూడుండ్రి! పెద్ద సార్‌కు అసలు సంగతి ఆ సాయంత్రమే నేను పోయి చెప్పిన, దాస్తె అక్క ఇచ్చిన ఇజ్జత్‌కు అర్థం లేదని. ఆయన నవ్వి, కాగితం చింపి, "రన్నింగ్ ఓకే అని రాసేది నడిపినంక" అన్నడు.

ఇంటికి పోయి స్వరూపకు చెప్పిన. ఆమె నవ్వలె. లోపలికి పోయి ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా తెచ్చి నా ముంగట పెట్టింది. పదమూడేండ్లు అంగీలు పిండేముందు నా జేబులల్ల దొరికినయట. మరలు, వైరు ముక్కలు, వాటితోటి పదకొండు ఫ్యూజులు! బాయిల ఫ్యూజులు, ఒక్కొక్కటి బొటనవేలంత. "నీ ప్రాణం నీ జేబుల ఉంటదని నువ్వే చెప్తుంటివి గద, పారెయ్యనీకి మనసు రాలె" అన్నది. నేను ఆ డబ్బాను ఒళ్లె పెట్టుకొని ఒక్కొక్క ఫ్యూజు తడిమి చూసిన. అంతల్నే ఇంకో ఫికర్ మొదలైంది. ఆ రోజులల్ల "మోటరు కాలిపోయింది" అని నేను సంతకం పెట్టినయ్ పదకొండు ఉంటయా, ఇంకా ఎక్కువనా?

నవ్వుండ్రి, నవ్వుండ్రి. అయిపోలె ఇంక. ఇయ్యాల పొద్దుగాల థియేటర్ల బల్బు మార్చనీకి పోయిన. ఈసారి ఇంటికాడ్నుంచే స్వరూప ఓటీ డ్రస్సుకు జేబు కుట్టిచ్చింది, సామాను అంగిల ఉండిపోవద్దని. బల్బు మార్చిన, బయటికి వస్తున్న. లోపల పెద్ద సార్ కుట్లకు సూది అందుకున్నడు. అక్క లెక్క మొదలుపెట్టింది.

"మాపులు ఇరవై. కత్తెరలు ఆరు. సూదులు నాలుగు." ఆగింది. నా దిక్కు చూసింది. "సదానందం, జేబు."

అందరి ముంగట జేబు తిరగేసి చూపిచ్చిన.

"జేబు ఒకటి, ఖాళీ" అన్నది అక్క.

పెద్ద సార్ తలెత్తకుండనే, "అది ఎందుకు సిస్టర్ లెక్కల?" అన్నడు.

"లోకల్ పార్టులు దొరికేది ఆడనే గద సార్!"